శేషాచలం నుంచి లంకమల దాకా: ఒక చెట్టు, ఒక పిట్ట

సోమవారం, తిరుపతి

తిరుపతి స్టేషన్‌లో దిగి కొండెక్కకుండా వెళ్లిపోయేవాళ్లు అరుదు. ఈసారి మేమిద్దరం ఆ కోవలో చేరాం. నా వెంట వచ్చిన మిత్రుడు డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాడు. అతనికి ఎర్రచందనాన్ని అది పుట్టిన నేలలో చూడాలని. నాకు పక్షుల పిచ్చి. కలివికోడి తిరిగే పొదల్లో ఒక్క సాయంత్రమైనా కూర్చోవాలని నా కోరిక. రెండూ తూర్పు కనుమల దక్షిణపు కొసను అంటిపెట్టుకుని బతికే జీవాలు. కాబట్టి ఖర్చు చెరిసగం, దారి ఒకటే. పక్షి కనబడుతుందన్న ఆశ మాత్రం పెట్టుకోలేదు. దాన్ని కళ్లారా చూసినవాళ్లు దేశం మొత్తం మీద కొద్దిమందే.

సాయంత్రం గోవిందరాజస్వామి గుడి వీధుల్లో బొమ్మల దుకాణాలు తిరిగాం. ఒకప్పుడు తిరుపతి వచ్చినవాళ్లు పిల్లలకు ఎర్రచెక్కతో చెక్కిన ఆడ, మగ బొమ్మల జంట కొనుక్కెళ్లేవారు. ఆట తీరాక ఆ బొమ్మ వంటింటికి చేరేది. దెబ్బ తగిలి వాచినా, తలనొప్పి వచ్చినా రాతి మీద నీళ్లు చల్లి, బొమ్మను అరగదీసి, ఆ గంధం పట్టు వేసేవారు. ఇప్పుడు అరల్లో ఉన్నవి చాలావరకు వేరే చెక్కకు ఎర్రరంగు వేసినవి. "అసలు చెక్క అయితే కాగితాలు ఉండాలయ్యా, ఆ తలనొప్పి మాకెందుకు?" అన్నాడు దుకాణదారు. ఆ తలనొప్పికి పట్టు వేయడానికి కూడా ఆ చెక్కే కావాలని మా వాడు గొణిగాడు.

రాత్రి భోజనాల దగ్గర ఇద్దరం వంశవృక్షాలు విప్పాం. ఎర్రచందనానికి శాస్త్రం పెట్టిన పేరు టెరోకార్పస్ శాంటలైనస్. మొదటి మాటకు రెక్క ఉన్న కాయ అని అర్థం. 1780ల ఆరంభంలో, జీవులకు రెండు మాటల పేర్ల పద్ధతి తెచ్చిన లిన్నేయస్ కొడుకు ఈ పేరు పెట్టాడు. పేరులో చందనం ఉన్నా మంచిగంధం చెట్టుతో దీనికి చుట్టరికం లేదు. దీనిది చిక్కుడు కుటుంబం. అడవిలో దీని సొంత అన్నదమ్ముడు వేగిస. మా వాడు అసలు విషయం చివరికి దాచుకున్నాడు: ఆ పెద్ద కుటుంబంలోనూ ఎర్రచందనానికి దగ్గరి శాఖలో ఉన్నది కంది కాదు, పెసర కాదు, వేరుశెనగ. కిలోల లెక్కన అంతర్జాతీయ ధర పలికే చెట్టూ, మన పల్లీ చట్నీ ఒకే కొమ్మ మీద పుట్టాయన్నమాట. నేను ఇడ్లీ తినడం ఆపి చట్నీ వైపు చూశాను.

నా పక్షి శాస్త్రీయ నామం రైనోప్టైలస్ బైటార్క్వేటస్. రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు ఉంటాయి, పేరులోని రెండో మాట వాటి గురించే. వైద్యుడిగా పనిచేస్తూ పక్షులను పరిశీలించిన టి.సి. జెర్డన్ దీన్ని నెల్లూరు, కడప ప్రాంతపు కొండల దగ్గర కనుగొన్నాడు. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దాన్ని శాస్త్ర లోకానికి పరిచయం చేశాడు. అందుకే ఇంగ్లీషు పుస్తకాల్లో అది జెర్డన్స్ కోర్సర్. పేరులో కోడి అని ఉన్నా కోళ్లకూ దీనికీ సంబంధం లేదు. తీతువు, సముద్రపు కాకులు, ఉల్లంకులు ఉన్న వర్గం దీనిది. ఆ బంధువుల్లో ఎక్కువమంది నీటి అంచున బతుకుతారు, ఇది మాత్రం ముళ్లపొదల్లో పొడినేలను నమ్ముకుంది. దీని ప్రజాతిలోని తక్కిన పక్షులన్నీ ఆఫ్రికాలో ఉన్నాయి. ఇక్కడ ఇది ఒంటరి.

చెట్టుకూ పిట్టకూ ఉమ్మడి పూర్వీకుణ్ని వెతకాలంటే వంద కోట్ల ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి. అంత దూరపు రెండు జీవాలను ఒక సంచిలో వేసి ఏం పోలుస్తారని మెస్సు యజమాని అడిగాడు. ఒకే కొండల్లో రెండూ ప్రమాదంలో పడ్డాయి, పడిన తీరు ఒకటేనా అని చూద్దామని చెప్పాను. ఆయన నెయ్యి వేసి వెళ్లిపోయాడు.

మంగళవారం, మామండూరు

తిరుపతి నుంచి కడప వెళ్లే రోడ్డులో మామండూరు దగ్గర అడవి రోడ్డు మీదకు వస్తుంది. అనుమతి కాగితం చూపించాక అటవీ శాఖ వాచర్ ఒకరు మా వెంట నడిచారు. మార్చి ఆఖరు. చాలా చెట్లు ఆకు రాల్చి ఉన్నాయి, ఎండ అడ్డం లేకుండా నేల దాకా దిగుతోంది. కాలి కింద మట్టి కంటే రాయే ఎక్కువ. పలకలుగా పగిలిన తెల్లని, లేత ఎరుపు క్వార్ట్‌జైట్ రాయి అది. ఈ కొండల్లో నేల పలచన, నీళ్లు నిలవవు. తక్కిన చెట్లు ఎదగడానికి ఇబ్బంది పడే చోటే ఎర్రచందనం నిలదొక్కుకుంటుంది. శేషాచలం, వెలిగొండ, పాలకొండ, లంకమల కొండలు దాటితే అడవిలో తనంత తానుగా పెరిగిన ఎర్రచందనం లోకంలో మరెక్కడా పెద్దగా లేదు.

మొదటి చెట్టును వాచర్ చూపించారు. మా వాడు దాని చుట్టూ ప్రదక్షిణ చేశాడు. నిజం చెప్పాలంటే చూడగానే ఆకట్టుకునే చెట్టు కాదు. మానును రెండు చేతులతో చుట్టవచ్చు. బెరడు నల్లగా, నలుచదరపు పెంకులుగా పగిలి మొసలి వీపులా ఉంది. ఆకుకు మూడు రెబ్బలు. కొమ్మల చివర పసుపురంగు పూలు అప్పుడే విచ్చుకుంటున్నాయి. కింద నిరుటి కాయలు: పలచని గుండ్రని బిళ్ల, మధ్యలో గింజ, చుట్టూ కాగితంలాంటి రెక్క. గాలికి ఎగిరి, రాళ్ల సందుల్లో పడి, వానకోసం కాచుకుంటాయి. మొలిచిన ప్రతి మొక్కా బతకదు. వేసవి మంటలకు పైభాగం మాడిపోయి, మళ్లీ వేరునుంచి చిగిర్చి, మళ్లీ మాడి, ఏళ్ల తరబడి నేలలోనే వేరు బలపరచుకుని ఆ తర్వాత పైకి లేచే మొక్కలు ఉంటాయట.

దీని విలువంతా లోపల ఉంది. బయట ఉండే తెల్లచెక్కకు ధర లేదు. చేవకే ఆ ఎరుపు, ఆ బరువు. ఆరిన దుంగను నీళ్లలో వేస్తే మునుగుతుంది. శాంటలిన్ అనే రంగు పదార్థం ఆ ఎరుపును ఇస్తుంది. పూర్వం బట్టల అద్దకానికి ఈ చెక్క ఓడలెక్కి ఐరోపా వెళ్లేది. ఇప్పుడు చైనాలో సంపన్నుల ఇళ్లకు పాతకాలపు తరహా బల్లలు, కుర్చీలు చేయడానికి, జపాన్‌లో తంత్రీ వాద్యాల తయారీకి వెళుతోంది. కోతలో అలలు తిరిగిన గీత కనబడితే ధర ఇంకా పెరుగుతుంది. అయితే చెట్టు నిలబడి ఉండగా ఆ గీత ఉందో లేదో బయటికి తెలియదు. లోపల చేవ పట్టిందా అని చూడటానికి గొడ్డలితో గాటు పెడతారు. దారిలో అలా గాటు పడి, నరకకుండా వదిలేసిన మాను ఒకటి కనిపించింది. గాటులోంచి ఎర్రటి జిగురు కారి గడ్డకట్టింది. "చేవ సరిపడా లేదని వదిలేసి ఉంటారు. అదృష్టవంతురాలు" అన్నారు వాచర్.

చేవ పట్టడానికి దశాబ్దాలు కావాలి, నరకడానికి కొద్ది నిమిషాలు. ఈ రెండు కాలాల మధ్య తేడాయే ఎర్రచందనం కథ మొత్తం. 1995 నుంచి అది, ముప్పున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది, అంటే దేశాల మధ్య వ్యాపారం మీద నిఘా ఉంటుంది. ఏ జీవికి ఎంత ముప్పుందో లెక్కగట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో దాని స్థానం అటూ ఇటూ ఊగింది. 1990ల చివర అంతరించే ప్రమాదంలో ఉన్నదిగా లెక్కించారు, 2018లో ముప్పు స్థాయిని తగ్గించారు, ఆ తర్వాత మూడేళ్లకే మళ్లీ ప్రమాద శ్రేణిలోకి తెచ్చారు. ఈ ఊగిసలాట చూసి కొందరు నవ్వుతారు. నాకు నవ్వు రాలేదు. మొక్కలు లెక్కకు చాలానే ఉండవచ్చు. పెద్ద మానులు ఎన్ని మిగిలాయన్నది వేరే ప్రశ్న.

వాచర్ చాలాసేపు మాట్లాడలేదు. ఒక వంక దగ్గర నీళ్లు తాగుతూ చెప్పారు. 2013 డిసెంబరులో ఈ శేషాచలం అడవుల్లో ఇద్దరు అటవీ అధికారులను స్మగ్లర్ల ముఠా కొట్టి చంపింది. 2015 ఏప్రిల్ 7న పోలీసు కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది కూలీలు చనిపోయారు. జవ్వాది కొండల నుంచి, తిరువణ్ణామలై, ధర్మపురి వైపు నుంచి వచ్చే గిరిజన కూలీలు అడవిలో రోజుల తరబడి ఉండి, దుంగలు భుజాన మోసి రోడ్డుకు చేరుస్తారు. వాళ్లకు దక్కేది కూలి డబ్బులు. రేవు దాటిన తర్వాతి లాభం మరెవరిదో. ఆ మరెవరో అడవిలో అడుగు కూడా పెట్టరు. ఎర్రచందనం అక్రమ రవాణా గురించి పేపర్లో చదివే ప్రతి వార్తలో దొరికింది దుంగలు, పట్టుబడింది కూలీలు. చెట్టు సంరక్షణ అంటే ఇక్కడ చెక్‌పోస్టులు, బేస్ క్యాంపులు, ప్రత్యేక టాస్క్‌ఫోర్స్, తుపాకులు. మా వాచర్ చేతిలో మాత్రం కర్ర ఉంది.

శేషాచలాన్ని 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. ఇక్కడి విశేషాలు ఎర్రచందనంతో అయిపోవు. బంగారు బల్లి ఉంది, దేవాంగ పిల్లి ఉంది, ఈ ప్రాంతపు కొండలకే పరిమితమైన, ఈతచెట్టులా కనిపించే ఒక సైకస్ మొక్క ఉంది. ఒక్క వస్తువు ధర పెరిగితే ఆ పక్కన ఉన్నవాటికి కూడా కాపలా దొరుకుతుంది, మంటలు కూడా వాటికే ముందు తగులుతాయి.

బుధవారం, కోడూరు మీదుగా సిద్ధవటం

ఈ రోజు ఎక్కువ భాగం బస్సులోనే గడిచింది. రైల్వే కోడూరు చుట్టుపక్కల మామిడి తోటలు, అరటి, బొప్పాయి, వాటి మధ్య వరుసలుగా నర్సరీలు. ఒక నర్సరీలో నల్ల ప్లాస్టిక్ సంచుల్లో ఎర్రచందనం మొక్కలు బారులు తీరి ఉన్నాయి. ధర అడిగితే టీ ఖర్చు కంటే కాస్త ఎక్కువ. పక్క రాష్ట్రాల రైతులు లారీల్లో తీసుకెళ్తారని నర్సరీ అతను చెప్పాడు. ఇరవై అయిదేళ్లలో కోటీశ్వరుడివి అవుతావని చెప్పి అమ్మేవాళ్లూ ఉన్నారట. తాను అలా చెప్పడట. తోటలో పెరిగిన చెట్టుకు కొండరాతి మీద పెరిగిన చెట్టంత చేవ ఎప్పటికి పడుతుందో చూడాలంటాడు. పైగా సొంత పొలంలో చెట్టు నరకాలన్నా, తరలించాలన్నా అనుమతి కావాలి.

నా మిత్రుడికి ఇక్కడే ఉత్సాహం వచ్చింది. 2004 నుంచి ఎర్రచందనం వ్యాపారం విషయంలో భారత్ మీద ఉంచిన సైటీస్ ప్రత్యేక సమీక్షను 2023 నవంబరులో ఎత్తివేశారు. రైతులు పెంచిన చెట్టుకు సక్రమమైన అమ్మకం దారి తెరుచుకుంటే అడవి చెట్టు మీద ఒత్తిడి తగ్గుతుందని అతని వాదన. తోట దుంగనూ అడవి దుంగనూ రేవులో ఎవరు వేరుచేసి చూస్తారన్నది నా అనుమానం. ఒంటిమిట్ట దాకా తేలలేదు. అక్కడ రోడ్డుకు రెండు పక్కలా పందిళ్లు వేస్తున్నారు. చైత్ర పౌర్ణమి రాత్రి వెన్నెల్లో జరిగే కోదండరాముడి కల్యాణానికి ఏర్పాట్లు. దర్శనం చేసుకుని, పెరుగన్నం తిని, సిద్ధవటం చేరాం.

సిద్ధవటం కోట పెన్న ఒడ్డున ఉంది. పెన్నలో ఇసుక, అక్కడక్కడ మడుగులు. కోట బురుజు మీద నుంచి ఉత్తరానికి చూస్తే లంకమల కొండలు. ఆ వాలుల్లోనూ ఎర్రచందనం ఉంది. వాలు దిగిన చోట, కొండ పాదం నుంచి పొలాల దాకా ఉండే మెట్ట చిట్టడవిలో కలివికోడి ఉంది, లేదా ఉండేది. చెట్టుది ఏటవాలు రాతి నేల, పిట్టది కొండకింద చదును. ఈ చిన్న ఎత్తు తేడా నాకు బురుజు మీద నిలబడ్డాకే అర్థమైంది. ఏటవాలు రాతిని ఎవరూ దున్నరు, కాబట్టి అక్కడ చెట్టు ఒక్కటే దొంగల కంట పడుతుంది. చదును నేల అలా కాదు. నిమ్మతోటకు పనికొస్తుంది, క్వారీకి పనికొస్తుంది, రోడ్డుకు, కాలువకు పనికొస్తుంది. అక్కడ పిట్టను ఎవరూ దొంగిలించరు, నేలనే తీసుకుంటారు.

గురువారం, బద్వేలు వైపు

సిద్ధవటం నుంచి బద్వేలు దారి లంకమల అడవి మధ్యలోంచి పోతుంది. ఘాటు దిగగానే గాలి వేడెక్కింది. మధ్యాహ్నం దాకా లాడ్జిలో ఫ్యాను కింద పడుకుని, మూడు దాటాక అటవీ సిబ్బందితో కలిసి రెడ్డిపల్లి దిక్కుగా వెళ్లాం.

ఈ ఊరి పేరు పక్షిశాస్త్ర చరిత్రలో ఉంది. 1900లో అనంతపురం దగ్గర కనబడ్డాక కలివికోడి మాయమైపోయింది. అంతకుముందు గోదావరి లోయలో, భద్రాచలం, సిరొంచ ప్రాంతాల్లో కూడా దాని నమూనాలు దొరికాయి. 1930లలో తూర్పు కనుమల పక్షుల మీద జరిగిన పెద్ద సర్వేకు కూడా అది చిక్కలేదు. ఇక లేదనే చాలామంది రాసేశారు. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ ఈ పల్లెల్లో పక్షి బొమ్మ ఉన్న కాగితాలు పంచుతూ, వేటగాళ్లతో మాట్లాడుతూ తిరిగాడు. పగటిపూట దుర్భిణితో వెతికిన పండితులకు దొరకనిది, రాత్రి టార్చి వెలుగులో అడవిలో తిరిగే స్థానికులకు తెలుసు. 1986 జనవరిలో వాళ్లలో ఒకతను ప్రాణంతో పట్టి తెచ్చాడు. 86 ఏళ్ల తర్వాత! పిట్ట ఎక్కువ కాలం బతకలేదు, దాని దేహం మ్యూజియం చేరింది. రెండేళ్లకు, 1988లో, ఈ ఒక్క పక్షి కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

పగలు చూస్తే ఆ నేలలో గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. రేగు, కలివి, తుమ్మ, మంగ పొదలు. మధ్యలో గడ్డి ఎండిన ఖాళీలు, గులకరాళ్లు, చెదపుట్టలు. ఎవరైనా బీడు అనేస్తారు. ప్రభుత్వ కాగితాల్లో కూడా ఇలాంటి నేల తరచు బంజరు. కానీ పరిశోధకులు ఇక్కడ కొలిచిన కొలతలు వింటే ఆశ్చర్యం వేస్తుంది. మనిషికంటే ఎత్తున్న, అంటే రెండు మీటర్లు దాటిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 ఉండాలి. ఎకరం లెక్కన అయితే సుమారు 120 నుంచి 280. చిన్న పొదలు హెక్టారుకు వెయ్యి లోపే ఉండాలి. అంతకంటే పలచబడితే ఈ పక్షి ఉండదు, దట్టమైనా ఉండదు. దాక్కోవడానికి పొద కావాలి, పరుగెత్తడానికి ఖాళీ కావాలి. ఎగరడం కంటే పరుగు దానికి ఇష్టం. రాత్రిపూట చెదలు, చీమలు ఏరుకుని తింటుంది. దాని పెద్ద కళ్లు ఆ చీకటి కోసమే.

కనబడని పక్షి గురించి ఇంత ఎలా తెలిసింది? సన్నమట్టి జల్లెడ పట్టి పొదల మధ్య పట్టీలుగా పరిచి, పొద్దున్నే వచ్చి అడుగుజాడలు వెతికారు. తీతువు పాదం, కౌజు పాదం, ఇంకా నేలమీద తిరిగే ప్రతి పక్షి పాదం కొలిచి, వాటిలోంచి దీన్ని వేరుచేశారు. స్వయంచాలక కెమెరాలు కట్టారు. చీకటి పడ్డాక కాసేపు మాత్రం వినబడే దాని రెండు స్వరాల కూతను రికార్డు చేసి, దాన్నే మళ్లీ వినిపించి, జవాబు కోసం చెవులు రిక్కించారు. ఈ పని చాలా ఏళ్లు చేసిన పి. జగన్నాథన్ వంటివారి ఓపికకు దండం పెట్టాలి. రాత్రికి రాత్రి మట్టి పరిచి తెల్లారి ఏమీ లేదని రాసుకోవడం, మర్నాడు మళ్లీ అదే.

దాని గుడ్డు కథ ఇంకా విచిత్రం. గూడు గురించి ఇప్పటికీ దాదాపు ఏమీ తెలియదు. కానీ గుడ్డు ఒకటి స్కాట్లండ్‌లో ఉంది! అబెర్డీన్ విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర మ్యూజియంలో, పాత సేకరణ ఒకదానిలో, 2013లో బయటపడింది. 1917 ప్రాంతంలో కోలార్ బంగారు గనుల దగ్గర పశువైద్యుడిగా పనిచేసిన ఎర్నెస్ట్ మీటన్ దాన్ని సేకరించాడు. గుడ్డు డీఎన్ఏను ఇంగ్లండ్‌లో ఉన్న పాత పక్షి నమూనాతో పోల్చి అది కలివికోడిదేనని తేల్చారు. కోలార్ అంటే కర్ణాటక. అంటే ఒకప్పుడు దీని తిరుగుడు మనం అనుకున్నదానికంటే విశాలమేమో.

సూర్యుడు లంకమల వెనక్కి దిగాడు. మేం నలుగురం రోడ్డు పక్క బండరాళ్ల మీద, మాటలు మాని కూర్చున్నాం. కూత వినిపించే పరికరం మేం తీసుకెళ్లలేదు, వాడే అనుమతీ లేదు, వాడకూడదు కూడా. గుప్పెడు పక్షులున్న చోట ప్రతి సందర్శకుడూ ఫోను పైకెత్తి వాటిని పిలిస్తే అవి తిండి మానుకుని జవాబు చెప్పాలా? తీతువు అరిచింది. రాత్రి తిరిగే నైట్‌జార్ పిట్టలు మొదలుపెట్టాయి. దూరంగా నక్కలు. కలివికోడి కూసే ఆ కొద్దిపాటి సమయం అలా దాటిపోయింది. మా వాడు చెవిలో, "నా చెట్టయితే పారిపోదు" అన్నాడు. నిజమే, అందుకే దాన్ని నరుకుతున్నారు.

2009 తర్వాత చాలా ఏళ్లు దీని జాడ గట్టిగా దొరకలేదు. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లోనే కొందరు పక్షి పరిశీలకులు దాని కూతను రికార్డు చేశారు. ఉన్నది ఉందని తేలింది. ఐయూసీఎన్ దీన్ని తీవ్రంగా అంతరించిపోతున్న పక్షుల్లో పెట్టింది, పెద్ద పక్షుల సంఖ్యను 50 నుంచి 249 మధ్య అంచనా వేస్తూ వచ్చింది. ఎర్రచందనం మొక్కలు ఒక్క కోడూరు నర్సరీలోనే అంతకంటే ఎక్కువ చూశాం.

శుక్రవారం, కాలువ గట్టు

తిరిగి వెళ్లేముందు తెలుగుగంగ కాలువ చూడాలని నేనే పట్టుబట్టాను. కృష్ణ నీళ్లను శ్రీశైలం నుంచి రాయలసీమ, నెల్లూరు మీదుగా చెన్నైకి చేర్చడానికి 1983లో మొదలైన పథకం ఇది. బ్రహ్మంసాగర్ జలాశయం ఆ దారిలో వేసిన ఒక మజిలీ. ఈ ప్రాంతపు పొలాలకు దాని విలువేమిటో బద్వేలు రైతును అడిగితే చెబుతాడు, నేను చెప్పనక్కర్లేదు. కానీ 2005లో కాలువ తవ్వే యంత్రాలు కలివికోడి తిరిగే పొదల్లోకి వచ్చాయి. పక్షి ఉన్నట్టు తేలిన చోటే పొదలు పెళ్లగించారు. ఫిర్యాదులు వెళ్లి, పని ఆగి, చివరికి కాలువ మార్గం మార్చారు. మన దేశంలో ఒక పిట్ట కోసం కాలువ వంపు తిరగడం ఎన్నిసార్లు జరిగింది? అయితే కాలువ పక్కకు జరిగినా, కాలువ వల్ల విలువ పెరిగిన నేల అక్కడే ఉంది. పొద కొట్టేసి నిమ్మ పెట్టడానికి నీళ్లు వస్తే చాలు. ఉపగ్రహ చిత్రాలతో చేసిన అధ్యయనం 1991, 2000 మధ్యనే ఈ అభయారణ్యం చుట్టూ ఉన్న చిట్టడవిలో పదో వంతుకు మించి పోయిందని తేల్చింది.

గట్టు మీద మేకలు తోలుకుంటూ ఒక పెద్దాయన ఎదురయ్యాడు. మా వెంట ఉన్న వాచర్‌కు పాత పరిచయం. నేను కలివికోడి మాట ఎత్తగానే, "దాని కోసమే కదా నాయనా మమ్మల్ని లోపలికి రానీయడం లేదు" అన్నాడు. కూర్చుని నీళ్లిచ్చాడు. పొదల లెక్క ఆయనకు చెప్పాను, మరీ దట్టమైనా పక్షికి పనికిరాదని కూడా చెప్పాను. ఆయన వెంటనే పట్టుకున్నాడు.

"కంప దట్టంగా పెరిగితే దానికి పనికిరాదంటావు. మేక మేస్తే తప్పంటారు. మరి ఆ కంప ఎవరు తినాలి?"

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది, ఆయనకు నచ్చేది కూడా. మితంగా మేపడం, మితంగా వంటచెరకు కొట్టడం ఈ పొదలను పక్షికి కావలసినంత తెరిపిగా ఉంచుతాయి. పూర్తిగా కంచె వేసి మూసేస్తే చిట్టడవి చిక్కబడి పక్షి పోతుంది, పూర్తిగా తెరిచేస్తే పొద పోయి పక్షి పోతుంది. నిన్నమొన్న చూసిన ఎర్రచందనం వాలుల్లో మనిషిని ఎంత దూరం ఉంచితే అంత మంచిది. ఇక్కడ మనిషి కావాలి, అతని మేకలూ కావాలి, కాని కొలతకు లోబడి కావాలి. ఒకే అటవీ శాఖ, ఒకే కొండ, పైన ఒక పద్ధతి, కింద దానికి వ్యతిరేక పద్ధతి. చెట్టు కాపలాకు తుపాకులు, గోదాములు, వేలంపాటలు ఉన్నాయి, ఎందుకంటే దుంగకు ధర ఉంది. పొదలు లెక్కపెట్టే పనికి ధర పలకదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

నేను ఇదంతా చెప్పేలోపు వాచర్ అందుకున్నారు.

"నీ ఒక్కడివే అయితే ఏ గొడవా లేదు పెద్దాయనా. నువ్వు నలభై తోలుకొస్తావు. నీ వెనక నాలుగు ఊళ్ల మందలు వస్తాయి. గొర్రెలు వేరే. అప్పుడు ఏ పొద మిగులుతుంది?"

"అయితే వంతులు పెట్టండి. ఈ నెల మా ఊరు, వచ్చే నెల పక్కూరు. చెరువు నీళ్లకు పెట్టుకోలేదా మేము?"

"కాగితం పైనుంచి రావాలి."

"పైన ఉన్నవాళ్లకు మేక ఎంత తింటుందో తెలుసా?"

మా వాడు నోటుపుస్తకం తీసి ఆయన మేకలు ఏ పొద ముందు తింటాయో, ఏది ముట్టవో రాసుకోవడం మొదలుపెట్టాడు. రేగు ఇష్టం, కలివి లేత చిగురైతే సరే, మంగ అసలు ముట్టవు. నెల్లూరు బస్సుకు అరగంటే ఉంది. నేను లేచేసరికి వాచర్, పెద్దాయన వంతులు ఎన్నాళ్లకు మారాలన్న దగ్గర ఉన్నారు. వానాకాలం లెక్కలోకి రాకూడదని ఆయన, అసలు ముట్టకూడనిది వానాకాలంలోనేనని ఈయన.